ముద్ద ముట్టని అడవి

మా మామ్మకి బిరుదు ఇస్తామని రేవు కంపెనీ వాళ్ళు వచ్చిన రోజు ఆమె గుమ్మం ముందు కూర్చుని ఎండు రొయ్యల్లో ఇసక ఏరుతోంది. వచ్చిన ముగ్గురూ బూట్లు విప్పలేదు. పరదా మీద ఆరబోసిన రొయ్యల్ని దాటలేక ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసి నిలబడ్డారు.

"లోవమ్మ గారంటే మీరేనా అమ్మా? మీకు మడతల్లి అని బిరుదు ఇస్తున్నాం," అన్నాడు ముందున్నాయన. ఆయన కంపెనీ మేనేజరు శ్రీకర్ గారు.

"ఎవురికీ?" అంది మామ్మ తలెత్తకుండా.

"మీకేనమ్మా!"

"నాకెందుకు బాబూ, నేనేం సేసేను? ఆ కాలు కాత్త తియ్యి. రొయ్యలు తొక్కేత్తన్నావు."

ఆయన ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా చదవాల్సింది నేనే. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. అందుకని నాలో నేనే చదువుకున్నాను. మొదటి రెండు పేరాలూ పొగడ్తలు. తొంభై ఆరు తుఫాను తర్వాత ఉప్పుమొగ ఊరి ముందు మూడు వందల ఎకరాల మడ అడవిని నిలబెట్టిన ధీరవనిత అని రాశారు. మూడో పేరాలో, ఇకనుంచి ఐదేళ్ళపాటు ఉప్పుమొగ మడలకి ఆమే అధికారిక సంరక్షకురాలనీ, ఏది అడవి, ఏది కాదు అన్న విషయంలో ఆమె మాటే తుది మాట అనీ, కంపెనీతో సహా ఎవరూ దాన్ని ప్రశ్నించడానికి గాని, ఆ బాధ్యతను గడువులోపల మరొకరికి మార్చడానికి గాని వీల్లేదనీ ఉంది.

నాలుగో పేరా రెండుసార్లు చదివాను. శుక్రవారం సభలో బిరుదు తీసుకున్నాక, పడమటి గట్టు మీద కంపెనీ పెంచిన కొత్త మడని మామ్మ అడవి అని ప్రకటించాలి. ఆ ప్రకటన వచ్చిన మర్నాడు తూర్పు గట్టు మీది పాత మడని రేవు కోసం కొట్టేస్తారు.

మామ్మకి చెవిలో చెప్పాను. రొయ్యల్లో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"కొత్త చట్టమే అదమ్మా," అన్నాడు శ్రీకర్ గారు నవ్వుతూ. "ఎన్ని ఎకరాలు తీయాలంటే అన్ని ఎకరాలు ముందే పెంచి చూపించాలి. అది అడవే అని ఊరి సంరక్షకులు ఒప్పుకోవాలి. మేం పెంచేశాం. అదీ మీ బురదతోనే!"

*

ఆ బురద సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో మడ మొక్క నాటేటప్పుడు ముందు గుంటలో దోసెడు పాత బురద వేస్తారు. ముసలి చెట్టు వేళ్ళ కింద నుంచి తీసిన బురద అది. తల్లిబురద అంటారు. అది లేకపోతే మొక్క నిలవదు. మొక్క నాటుకుంటాం, తల్లిబురద పెట్టండి అని ఎవరు వచ్చి అడిగినా కాదనకూడదు. ఎవరు, ఎందుకు అని కూడా అడగకూడదు. మామ్మ ముప్పై అయిదేళ్ళుగా అలా ఎన్ని ఊళ్ళకి పెట్టిందో ఆమెకే తెలియదు.

తుఫాను నాటికి ఊరి ముందు ఏడే ఏడు మడ చెట్లు మిగిలి ఉన్నాయట. వాటిలో ఒకదానికి మామ్మ చీరతో తనని తాను కట్టుకుంది. పెద్దకొడుకుని చీరలో చుట్టింది. చిన్నకొడుకుని చేత్తో పట్టుకుంది. చీరలో ఉన్నవాడు మా నాన్న. చేతిలో ఉన్నవాడికి నాలుగేళ్ళు. నీళ్ళు తీశాక ఆమె ఆ చెట్టు కింది బురద దోసిట్లో పట్టుకుని ఎనిమిదో మొక్క నాటింది. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె వెనకాల నడిచారు.

రెండేళ్ళ కిందట ప్రసూనక్క మా గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడు కూడా మామ్మ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సత్తు బేసిను నిండా బురద తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

ప్రసూనక్క శాస్త్రవేత్త. కాలవ ఒడ్డున తెల్లటి కంటైనరు పెట్టించుకుని అందులోనే పనిచేసేది. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. పీతల పులుసు తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఇంకొంచెం వెయ్యి మామ్మా," అనేది. నన్ను కంటైనరులోకి రానిచ్చింది. మైక్రోస్కోపులో చూడటం నేర్పింది. చుక్క తల్లిబురదలో సన్నటి పోగులూ, ఈదే గింజలూ, ఒకదాన్ని ఒకటి తినే నోళ్ళూ కనిపించాయి.

"ఇది మీ మామ్మ దోసిట్లో ఉన్న ఊరు, పుష్కరం," అంది. పుష్కరాల ఏడాది పుట్టానని నా పేరు పుష్కరవేణి. పుష్కరం అని పిలిచేది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకి నేను వేణినే.

ఆ ఊళ్ళోంచి ఆమె ఒక్క సూక్ష్మజీవిని విడదీసింది. మట్టిలోని బలాన్ని వేరుకి అందించే జీవి అది. దానికి ఏవేవో మార్పులు చేసి మళ్ళీ బురదలో కలిపింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి పొద్దున జానెడున్న మొక్క మూరెడయింది. నేను చప్పట్లు కొట్టాను. మామ్మ ఆ మొక్క చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికేటి తొందరే అమ్మాయీ?" అంది. ప్రసూనక్క పగలబడి నవ్వింది.

తర్వాత ఆ పనిని రేవు కంపెనీ తీసుకుంది. పడమటి గట్టు అంతకుముందు ఖాళీ ఏం కాదు. పాటు సమయంలో నీళ్ళు తీసినప్పుడు మా ఆడవాళ్ళు గుల్లలు ఏరుకునే బురదనేల అది. దాన్ని ఖాళీ భూమి అని రాసుకుని, పదకొండు నెలల్లో మూడు వందల ఎకరాల నిండా ఇరవై అడుగుల చెట్లు లేపారు. డ్రోన్లు వచ్చి ఆకులు లెక్కపెట్టి, ఎత్తు కొలిచి, గాలి కొలిచి అడవి సూచిక అని మార్కులు వేశాయి. కొత్త మడకి తొంభై నాలుగు. మామ్మ నాటిన మడకి డెబ్భై ఒకటి.

"మనది పరీక్ష తప్పలేదు కదా?" అంది మామ్మ. అదొక్కటే అడిగింది.

*

ఉత్తరం వచ్చిన మర్నాడు, పాటు వేళకి మామ్మా నేనూ కొత్త మడలోకి వెళ్ళాం. కాపలా మా నాన్నే. కంపెనీ ఇచ్చిన నీలం యూనిఫారం వేసుకుని గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"పాసు ఉందేటమ్మా?" అన్నాడు మామ్మని, సగం నవ్వుతూ, సగం భయపడుతూ.

"నిన్ను చీరలో సుట్టినప్పుడు పాసు సూపించేవా? జరుగు."

లోపల చెట్లన్నీ ఒకే ఎత్తు, ఒకే పచ్చ. కాసేపటికి ఏం తేడా ఉందో తెలిసింది. చప్పుడు లేదు. పాత మడలో నీళ్ళు తీశాక నేలంతా టిక్ టిక్‌మంటుంది. పీతలు బొరియల్లోంచి వచ్చి బురద చిలుకుతుంటే బుడగలు పేలుతుంటాయి. ఇక్కడ మా కాళ్ళ చప్పుడే వినిపించింది. వాసన కూడా లేదు.

మామ్మ వంగి రాలిన ఆకు తీసింది. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. మోచేతి లోతు దాకా ఆకులే. అడుగున ఉన్నవి పది నెలల కిందట రాలినవై ఉండాలి. పసుపు రంగులో, ఈనెలతో సహా, నిన్న రాలినట్టే ఉన్నాయి.

"కుళ్ళలేదే," అంది మామ్మ. ఆమె గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. "ఆకు కుళ్ళకపోతే పీత ఏం తింటది? పీత లేకపోతే బురదకి ఊపిరెలా ఆడుద్ది? సేప పిల్ల ఎక్కడికొత్తది?"

ఆకుల మధ్య ఒక పీత డొల్ల దొరికింది. ఎండి తేలికైపోయింది. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

నేను నేరుగా కంటైనరుకి వెళ్ళాను. ప్రసూనక్క పెట్టెలు సర్దుకుంటోంది. ఆకులు బల్ల మీద కుప్పగా పోశాను. ఆమె వాటిని చూసి ఆశ్చర్యపోలేదు. అప్పుడే నాకు విషయం తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నాలుగో నెల నుంచి," అంది మెల్లగా. "వేగం కోసం దాన్ని మార్చాం కదా, అది బలమంతా చెట్టుకే పెడుతోంది పుష్కరం. కుళ్ళబెట్టే జీవులకి ఏమీ మిగలక చచ్చిపోతున్నాయి. సరిచేయొచ్చు. ఇంకో నాలుగేళ్ళు కావాలని అడిగాను. వాళ్ళు ఆగలేదు."

"ఈ మాట సభలో చెప్పండి."

"చెప్పకూడదని సంతకం పెట్టాను. నా పరిశోధనంతా వాళ్ళ చేతిలోనే ఉంది."

"మా ఇంట్లో పులుసు తిన్నావు," అన్నాను. ఆమెని నువ్వు అనడం అదే మొదటిసారి. "మామ్మ నిన్ను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఒక్కటి! నువ్వెవరని అడగలేదు. ఆ బురదతో మా అడవి కొట్టేయడానికి గొడ్డలి చేశావు."

ప్రసూనక్క ఏదో అనబోయింది. నేను వినకుండా విసురుగా తిరిగాను. మైక్రోస్కోపు నా భుజం తగిలి ఊగింది. పట్టుకోలేదు. ఆమే పట్టుకుంది.

*

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి కొత్త మడ అంచున షామియానా వేశారు. మా మామ్మ ఫొటోతో ఇంటికంటే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ముడతలు చెరిపేశారు. కాలవకి అవతల, తూర్పు గట్టు మీద, పసుపు యంత్రాలు నాలుగు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రకటన రావడమే ఆలస్యం.

వేదిక మీద ప్రభుత్వం తరఫున పెద్ద అధికారి ఒకాయన, శ్రీకర్ గారు, మరికొందరు. మామ్మని కుషన్ కుర్చీలో కూర్చోబెట్టారు. చదవడానికి తోడుగా నన్ను ఆమె వెనక నిలబెట్టారు. శాలువా కప్పారు. అద్దం కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టి ఫొటోలు తీశారు. ఒక ఫొటోలో శాలువా జారిందని మళ్ళీ కప్పి మళ్ళీ తీశారు. ఫొటోలయ్యాక మామ్మ ఆ పత్రాన్ని నా చేతికిచ్చింది.

"ఇప్పుడు లోవమ్మ గారు ఒక్క మాట చెబుతారు," అన్నాడు శ్రీకర్ గారు. ఆ మాట ముందురోజే ఇంటికి పంపించారు. 'ఇది అడవి అని ప్రకటిస్తున్నాను.' అంతే.

మామ్మ మైకు వైపు వంగింది. "ముద్ద పెట్టకుండా ఎలా అంటాను బాబూ?"

"ఏం ముద్దమ్మా?"

ముందు వరసలో ఉన్న మా ఊరి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చెప్పడం మొదలుపెట్టారు. మా దగ్గర కొత్తగా నాటినదాన్ని అడవి అనరు. నారు అంటారు. మొక్క మొదట్లో వేడి అన్నం ముద్ద పెడతారు. పీతలు వచ్చి ఆ ముద్ద పట్టుకుపోతే అప్పుడది అడవి. ఆ రోజు నుంచి అందులో పుల్ల విరవకూడదు. ముద్ద ముట్టకపోతే ఎన్నేళ్ళయినా అది నారే.

శ్రీకర్ గారి మొహం వెలిగిపోయింది. "అద్భుతం! ఇలాంటివే కావాలి. కెమెరా ఇటు తిప్పండయ్యా."

మామ్మ కొంగులో కట్టుకొచ్చిన ముద్ద విప్పింది. షామియానా పక్కనే ఉన్న చెట్టు మొదట్లో ఆకులు తోసి, బురద మీద పెట్టింది. పాత మడలో అయితే ముద్ద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ఎర్రటి పీతలు చుట్టూ చేరతాయి. తోసుకుంటాయి, కొట్టుకుంటాయి.

అందరం చూస్తున్నాం. ఐదు నిమిషాలు. పది. మైకులో గాలి చప్పుడు.

"ఆకలి లేదేమోనండీ ఆయ్!" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

"కంపెనీ పీతలు కదా, ఇంగిలీసులో పిలవండి బాబూ!" ఇంకో గొంతు.

నవ్వులు. అరగంటయింది. అన్నం మీద ఒక్క ఈగ వాలింది, అదీ లేచిపోయింది. శ్రీకర్ గారు మెడ తుడుచుకుంటూ మా నాన్నని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. నాన్న నా వైపు చూడకుండా బండెక్కి వెళ్ళాడు. వచ్చేటప్పుడు బుట్ట నిండా సంతలో కొన్న పీతలున్నాయి, కాళ్ళకి పురికొసలు కట్టినవి. మా నాన్న. పీతలు పట్టి నన్ను పెంచిన మనిషి. జనం అంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పురికొసా కోసి ముద్ద పక్కన వదిలాడు.

పీతలు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత అన్నీ ఒకే వైపు తిరిగాయి. ముద్దని దాటుకుని, నాన్న చేతుల మీంచి పాకి, ఎర్ర తివాచీ అడ్డంగా దాటి, అతిథుల బూట్ల మధ్య నుంచి కాలవలోకి దూకాయి. తూర్పు గట్టు వైపు. పెద్ద అధికారి కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇవన్నీ నమ్మకాలమ్మా," అన్నాడు శ్రీకర్ గారు గొంతు మార్చి. "శాస్త్రం ఏమంటుందో విందాం. ప్రసూన గారూ!"

ప్రసూనక్క రెండో వరసలోంచి లేచి మైకు దగ్గరికి వచ్చింది. ముద్ద వైపు చూసింది. మామ్మ వైపు చూసింది. మామ్మ ఆమెకి ధైర్యం చెబుతున్నట్టు తలూపింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. అంత జరిగాక కూడా మామ్మ ఆమెని నమ్మింది.

"సూచిక తొంభై నాలుగు," అంది ప్రసూనక్క. వెళ్ళి కూర్చుంది.

మామ్మ లేచింది. "ఇది అడవి కాదు. నారు కూడా కాదు. నారు కుళ్ళుద్ది. దీనికి సావు కూడా రాదు."

శ్రీకర్ గారు చేత్తో మైకు మూశాడు. వెనక నిలబడ్డ నాకు అంతా వినిపించింది. "చూడమ్మా, నువ్వు అనకపోతే వచ్చే వారం ఇంకొకరికి శాలువా కప్పుతాం. ఊళ్ళో ముసలమ్మలు లేరా? మీ అబ్బాయి ఉద్యోగం కూడా ఆలోచించుకో."

అప్పుడు నా చేతిలో ఉన్న ప్రశంసాపత్రం అద్దంలో నా మొహం కనిపించింది. మొహం వెనక అక్షరాలు కనిపించాయి. ఉత్తరంలోని మూడో పేరా, ఒక్క మాట కూడా మారకుండా, బంగారు రంగులో.

నేను మైకు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. మొదటి మాట గాలే అయింది. రెండోసారి వచ్చింది.

"సంగాడి లోవమ్మ గారు ఈ రోజు నుంచి ఐదేళ్ళపాటు ఉప్పుమొగ మడలకు ఏకైక అధికారిక సంరక్షకురాలు. ఏది అడవి, ఏది కాదు అన్న విషయంలో ఆమె మాటే తుది మాట. కంపెనీతో సహా ఎవరూ దీన్ని ప్రశ్నించడానికి గాని, ఈ బాధ్యతను గడువులోపల మరొకరికి మార్చడానికి గాని వీల్లేదు." ఊపిరి పీల్చుకున్నాను. "కింద సంతకాలున్నాయి. ఇద్దరివీ చదవమంటారా సార్?"

మామ్మ మాటని రేపు ఊళ్ళో ఎవరూ కాదనకుండా ఉండాలని వాళ్ళు అంత గట్టిగా రాసుకున్నారు. ఆమె కాదంటుందని వాళ్ళకి తోచనే లేదు. శాలువా కప్పించుకున్న ముసలమ్మకి సొంత మాట ఉంటుందని ఎవరనుకుంటారు?

పెద్ద అధికారి పత్రం నా చేతిలోంచి తీసుకుని చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. రెండు సంతకాల్లో ఒకటి ఆయనదే.

సాయంత్రం పోటు వచ్చేసరికి పసుపు యంత్రాలు వెళ్ళిపోయాయి.

*

ఇది గెలుపు అని పేపర్లో రాశారు. ఫొటోలో మామ్మ ముడతలు ఈసారి ఉంచారు.

పడమటి గట్టున మూడు వందల ఎకరాలు అలాగే ఉన్నాయి. పచ్చగా, చప్పుడు లేకుండా. గుల్లలు ఏరుకునే చోటు ఇక లేదు. ఆ చెట్లు పీకి కుప్ప వేస్తే కుప్ప కూడా కుళ్ళడం లేదు. ఆ బురద పోటుతో కొట్టుకొచ్చి ఎక్కడ తూర్పు గట్టుకి అంటుకుంటుందోనని మామ్మ రోజూ పాటు వేళకి వెళ్ళి అంచు చెట్ల కింద ఆకులు ఎత్తి చూసి వస్తుంది. నాన్న యూనిఫారం ఇచ్చేశాడు. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే మామ్మ మొహం చూడడు. ప్రసూనక్క వెళ్ళిపోతూ మా గుమ్మంలో మైక్రోస్కోపు పెట్టి వెళ్ళింది. దాని గుడ్డ నేను విప్పలేదు.

మొన్న ఆదివారం పక్క లంక నుంచి ఒకావిడ వచ్చింది. పేరు ఆదెమ్మ అంది. చేతిలో ఖాళీ బేసిను ఉంది. ఎండలో నడిచొచ్చి చెప్పులు గుమ్మం బయట విడిచింది.

"అమ్మా, మా గట్టు తెగిపోతంది. మొక్కలు ఏసుకుంటాం. కాత్త తల్లిబురద పెట్టమ్మా."

మామ్మ లేవలేదు.

"ఎవురంపేరు నిన్ను?" అంది.

ఆదెమ్మ అర్థం కానట్టు చూసింది. "ఎవురూ అంపలేదమ్మా. నేనే వచ్చేను."

"కంపెనీ వోళ్ళెవురైనా ఉన్నారా మీ ఊళ్ళో? ఎవురి నేల అది? ఎన్ని మొక్కలు? ఫొటోలు తీత్తారా? ఏదైనా కాగితం ఉందా?"

ఆవిడ మొహం కిందికి వాలిపోయింది. "ఇలా అడుగుతారని మా వోళ్ళు సెప్పలేదమ్మా. ఇక్కడ అడగరని సెప్పేరు." ఖాళీ బేసిను చంకలో పెట్టుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

ముప్పై అయిదేళ్ళలో మా గుమ్మంలోంచి ఖాళీగా వెళ్ళిన మొదటి మనిషి ఆవిడ. మామ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. రొయ్యలు లేకపోయినా ఆమె వేళ్ళు దేన్నో ఏరుతున్నాయి. అడవిని తీసుకోలేకపోయారు. దీన్ని తీసుకుపోయారు. దీనికి ఏ సూచికలో మార్కులుండవు, ఏ చట్టమూ బదులు పెంచి ఇమ్మనదు.

నాకు ఒళ్ళంతా మండిపోయింది. సత్తు బేసిను తీసుకుని తూర్పు గట్టుకి పరిగెత్తాను. తుఫాను నాడు మామ్మ చీరతో కట్టుకున్న చెట్టు కింద మోకాళ్ళ దాకా దిగి రెండు చేతులా తవ్వాను. పీతలు అన్ని వైపులకీ చెదిరాయి. బురద కుళ్ళు వాసన ముక్కులు పగలగొట్టింది. అంత మంచి వాసన ఇంకోటి ఉండదు.

బేసిను నెత్తిన పెట్టుకుని గట్టెక్కేసరికి ఆదెమ్మ పాయ అవతలి మలుపు దాకా వెళ్ళిపోయింది. బురద నా కళ్ళ మీదికి కారుతోంది. స్కూల్లో హాజరు పలికేటప్పుడు కూడా వినపడని నా గొంతుతో, ఏరు సముద్రంలో కలిసే మొగ మొత్తం దద్దరిల్లేలా అరిచాను.

"ఓ అత్తా! ఆగు! బేసిను పట్టు!"